పెట్రోలు కారా, కరెంటు కారా?

కొత్తగా కారు కొనాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ.

ముందుగా ఖర్చు చూద్దాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు ఆ దూరానికి 100 రూపాయలు దాటుతుంది. కరెంటు కారుకు సుమారు రెండున్నర యూనిట్లు చాలు. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే, యూనిట్ 8 రూపాయలనుకున్నా 20 రూపాయలే! పెట్రోలు ఇంజనులో శక్తి చాలావరకు వేడిగా వృథా అవుతుంది. కరెంటు కారు మోటారులో ఆ నష్టం చాలా తక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

అయితే కరెంటు కారు కొనుగోలు ధర ఎక్కువ. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు ఆఖరుదాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది.

ఇక కాలుష్యం సంగతి. మన విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తోంది. కాబట్టి కాలుష్యం పూర్తిగా పోదు. కానీ పిల్లలు నడిచే వీధిలో పొగ ఉండదు. అది చిన్న మేలు కాదు.

ఇంట్లో ఛార్జింగ్ వసతి ఉండి, రోజూ ఊళ్లోనే తిరిగేవారికి కరెంటు కారే మంచిది. ఆ వసతి లేనివారికి, తరచూ దూరప్రయాణాలు చేసేవారికి ప్రస్తుతానికి పెట్రోలే సులువు. మీ నెలవారీ ప్రయాణాన్ని లెక్కవేసుకుని నిర్ణయించుకోండి.