పన్నెండవ ఆటగాడు

వర్షములు వెనుకబట్టి మైదానములలో నేల గట్టిపడు నాటికి మన కళాశాలలలో ఫుట్‌బాలు జట్ల ఎంపిక ప్రారంభమగును. పదునొకండు స్థానములకై ముప్పది, నలువది మంది యువకులు పోటీపడుదురు. కొలది దినములలోనే నోటీసుబోర్డు మీద ఒక కాగితము వెలయును. అందు మొదటి పదునొకండు పేర్లలో నున్నవారు సంతోషింతురు. పేరు లేనివారు బూట్లు మూలబెట్టుదురు. పన్నెండవ పేరు మొదలుకొని పట్టిక చివరివరకు నున్నవారి స్థితి మాత్రము ఈ రెండింటికిని నడుమ నుండును. వారు జట్టులో నున్నట్లా, లేనట్లా? ఈ ప్రశ్నకు జట్టు చెప్పుకొను సమాధానము మీదనే ఆ సంవత్సరపు జయాపజయములు చాలవరకు ఆధారపడియుండునని మా అభిప్రాయము. నేటి ప్రసంగమున ఆ విషయమునే ముచ్చటింపదలచితిమి.

కొత్తవలసలో నివసించు మాకు ఈ సంగతి బోధపడుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. మాది రైలు కూడలి. హౌరా నుండి మద్రాసు పోవు పెద్ద లైనునుండి కిరండూలు లైను ఇచ్చటనే చీలును. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960వ దశకమున నిర్మించిన ఆ మార్గము తూర్పుకనుమలలో సొరంగములు, వంతెనలు దాటుకొని అరకు మీదుగా పోవును. అట్టి మార్గమున ఒక్క డ్రైవరును నమ్ముకొని బండ్లు నడుపుట ఎవరికిని సాధ్యము కాదు. పని గంటలు ముగిసినవాడు దిగిన వెంటనే ఎక్కుటకు వేరొకడు సిద్ధముగా నుండవలెను. స్టేషనులో వేచియున్న ఆ రెండవవానిని పనిలేనివాడని ఎవ్వరును అనరు. ఆటస్థలము అంచున బల్లమీద కూర్చున్నవానిని మాత్రము మనము అట్లే అనుచున్నాము.

ముందుగా నియమములు చూతము. కబడ్డీ మన పల్లెలకు తెలిసిన ఆట. అందు బరిలో ఏడుగురు, వెలుపల ఐదుగురు, మొత్తము పన్నిద్దరు ఒక జట్టు. ఫుట్‌బాలులో పదునొకండుగురు ఆడుదురు. ఒకప్పుడు ఆట నడుచుచుండగా ఆటగాని మార్చు సదుపాయమే లేదు. కాలు విరిగినను, తల పగిలినను మిగిలినవారే నెట్టుకొని రావలసియుండెను. ప్రపంచ కప్పు పోటీలలో మార్పులకు మొదటిసారి అనుమతి లభించినది 1970లో, మెక్సికో దేశమున జరిగిన పోటీలనాడు. అప్పుడు ఇద్దరిని మార్చుకొనవచ్చుననిరి. నేడు పెద్ద పోటీలలో ఐదుగురిని మార్చుకొనవచ్చును. అనగా ఆటలో దాదాపు సగము జట్టు వెలుపలినుండి వచ్చి ముగింపవచ్చునన్నమాట. కావున రిజర్వు ఆటగాడు దైవవశమున అవసరమగువాడు కాక, ఆటలో ముందుగనే లెక్కకు వచ్చు భాగస్వామియైనాడు.

కళాశాల జట్టునకు ఈ అవసరము మరింత ఎక్కువ. ఉద్యోగపు జట్లవలె ఏడాది పొడుగున ఒకేచోట నుండువారు కారు విద్యార్థులు. ఒకనికి ప్రయోగశాల పరీక్ష వచ్చిపడును. ఒకనికి ఇంటివద్ద వరికోతలు. ఒకనికి జ్వరము. తుపాను వచ్చినచో బండ్లు నిలిచిపోయి నలుగురు ఊరిలోనే చిక్కుకొందురు. ఆటలో రెండు పసుపు చీట్లు చూచినవాడు ఎఱ్ఱ చీటితో వెలుపలికి పోవును, తరువాతి ఆటకును దూరమగును. టోర్నమెంటులో వరుసగా మూడు దినములు ఆడవలసివచ్చినచో మూడవనాటికి బెణకని కాలు అరుదు. ఏడుగురికంటె తగ్గిన జట్టుతో ఆట సాగరాదని నియమము. అంత దుస్థితి రాకపోయినను, మొదటినాడు మెఱసిన జట్టు మూడవనాడు కూలబడుట క్రీడాభిమానులు చూడని వింత కాదు. కారణము అదృష్టము కాదు, పన్నెండవవాడు సిద్ధముగా లేకపోవుటయే.

సిద్ధము చేయుట ఎట్లు? ఎంపికకు ముందు ఒక కాగితముపై గోల్‌కీపరు మొదలు ముందువరుస వరకు పదునొకండు స్థానములను వ్రాసి, ఒక్కొక్క స్థానమునకు ఎదుట రెండు పేర్లు వ్రాయవలెను. మొదటివాడు ఎవడు, వాడు లేనిచో ఎవడు? వ్రాసిన తరువాత రెండవ వరుసను పైనుండి క్రిందికి చదువవలెను. అందు ఒకే పేరు మూడుచోట్ల కన్పడుట తరచుగా జరుగును. వాడు చురుకైనవాడు, ఎక్కడ నిలిపినను ఆడగలడు. కనుక కుడి బ్యాకునకు వాడే, మధ్య హాఫునకు వాడే, ఎడమ వింగునకు వాడే. పుటమీద మూడు పేర్లున్నట్లు తోచును, మైదానమున నున్నది మాత్రము ఒక్క మనిషి. ఇద్దరు ఒకేసారి గాయపడిననాడు ఈ లెక్క తప్పు బయటపడును. నిజమైన నిల్వ అనగా వేరువేరు మనుష్యులు.

అందువలన మైదానమున ఆడు ప్రతివానికిని తన స్థానముగాక మరియొక స్థానము నేర్పవలెను. ముఖ్యముగా ఎడమవైపు స్థానములకు. ఎడమకాలివాటము గలవారు సహజముగనే తక్కువ. ఉన్న ఒక్కడు రాని దినమున కుడికాలివానిని అచ్చట నిలిపినచో, వాడు ప్రతి బంతిని కుడికాలికి త్రిప్పుకొనుటలోనే అర నిమిషము పోగొట్టుకొనును. గోల్‌కీపరు సంగతి ఇంకను విలక్షణము. తక్కిన స్థానములలో ఇద్దరు పోటీదారులను ఎట్లో సర్దవచ్చును. గోలు ముందు నిలుచునది ఒక్కడే. కావున రెండవవానికి అభ్యాసపు ఆటలలో సగము కాలము తప్పక ఇచ్చి, బ్యాకులకు వాని కేక, వాని నడక అలవాటగునట్లు చేయవలెను.

స్థానముల పోటీని నడుపు తీరులో కూడ ఒక మెలకువ కలదు. మొదటి పదునొకండుగురిని ఒకవైపు, తక్కినవారిని మరియొకవైపు నిలిపి రోజు రోజు ఆడించుట పరిపాటి. అందు రెండవ జట్టులోని మంచి బ్యాకునకు న్యాయము జరుగదు. వాని ముందున్న హాఫులు బలహీనులగుటచేత బంతి మాటిమాటికి వానిమీదనే పడును; పది సార్లు ఆపి పదునొకండవసారి తప్పినచో ఆ తప్పే కన్పడును. మొదటి జట్టు బ్యాకు మీదికి బంతి రానే రాదు, తప్పును కన్పడదు. కావున జట్లను కలగలిపి, పోటీలోనున్న ఇద్దరిని ఒకే హాఫుల వెనుక, ఒకే ఫార్వర్డుల ఎదుట వంతులవారీగా నిలిపి చూడవలెను. తీర్పు చెప్పిన తరువాత ఓడినవానిని ప్రక్కకు పిలిచి వానికి కొరవడినదేమో ఒక్క మాటలో తెలుపవలెను. కారణము తెలిసినవాడు దానిని దిద్దుకొనును. తెలియనివాడు పక్షపాతమనుకొని వెడలిపోవును.

ఈ విద్యను మన తెలుగు గడ్డమీదనే పండించిన మహనీయుడొకడు కలడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. 1909లో హైదరాబాదున జన్మించి, ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. కుడికాలివాటము వారు ఎడమకాలితోనే ఆడవలెననియు, బంతిని కాళ్లలో నుంచుకొని తిరుగక వెంటనే అందింపవలెననియు నియమములు పెట్టి వారు పోటీలు జరిపించెడివారు. వాని ప్రయోజనము పైకి చిన్నదిగా తోచును. ఒక స్థానమునకే అతుక్కుపోని ఆటగాండ్రను తయారుచేయు మార్గమది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారతజట్టునకు శిక్షకులు వీరే. ఆ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి.

వారి నేర్పు పరాకాష్ఠనందినది 1962లో, జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిరి. తరువాత థాయిలాండును 4–1తో గెలిచిరి గాని, వెనుకవరుసకు వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. జపానుతో ఆటకు ఆయన లేడు. అయినను మనవారు 2–0తో నెగ్గిరి. సెమీఫైనలునకు జర్నైల్ తిరిగివచ్చెను. కాని కుట్లతో నున్న తలతో ఎత్తుబంతులను అడ్డగించుచు వెనుకవరుసలో నిలుచుట ఎట్లు? రహీంగారు ఆయనను సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపిరి. చదువుకొను రోజులలో జర్నైల్ ముందువరుసలో ఆడినవాడని వారెరుగుదురు. దక్షిణ వియత్నాముపై మనవారు 3–2తో గెలిచిన ఆ ఆటలో ఒక గోలు జర్నైల్‌దే.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట మరల ఆ దక్షిణ కొరియాయే. సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను రహీంగారు ఆపివేసి, జ్వరమునుండి తేరుకొన్న పీటర్ తంగరాజ్‌ను నిలిపిరి. తంగరాజ్ పొడగరి, ఎత్తుబంతులను అందుకొనుటలో దిట్ట. లక్షమంది ప్రేక్షకులలో అధికులు మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేసిరి. భారతదేశము 2–1తో బంగారు పతకము నందెను. మరుసటి సంవత్సరము జూనులో రహీంగారు కేన్సరు వ్యాధితో కన్నుమూసిరి. ఈ విజయమును తలచునప్పుడు మనము గోల్సు చేసినవారిని కీర్తింతుము. జర్నైల్ విడిచిన చోటును వెనుక నింపినవారిని, తంగరాజ్ పడకపై నున్ననాడు గోలు కాచిన బర్మన్‌ను కూడ తలచుట ధర్మము. వారు లేనిచో ఫైనలే లేదు.

ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు ప్రాంతమువాడు. ముందువరుసలో ఏ చోట నిలిపినను రాణించిన మేటి. 1963లో ఆయన కలకత్తాలోని బి.ఎన్.ఆర్. జట్టులో చేరెను. ఒకప్పుడు మా కొత్తవలస మీదుగా బండ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు మోసిన జట్టది. కాని అనారోగ్యముచే ముప్పది యేండ్లైన నిండకమునుపే ఆట విడువవలసి వచ్చెను. ఎంత గొప్పవాడైనను ఏనాడు దూరమగునో చెప్పలేమనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

అమెరికా దేశమున ఫుట్‌బాలు అను పేర ఆడునది వేరొక ఆట; బంతిని చేతపట్టి పరుగెత్తుట అందు ముఖ్యము. అచ్చటి కళాశాల జట్లు దాడికి ఒక పదునొకండుగురిని, రక్షణకు వేరొక పదునొకండుగురిని సిద్ధపరచును. 2025లో అచ్చటి పెద్ద విశ్వవిద్యాలయముల జట్లకు 105 మంది అను పరిమితి ఏర్పడెను. పరిమితియే అంతయైనచో వారి వైభవ మూహింపవచ్చును. ఋతువునకు ముందు స్థానస్థానమునకు మొదటివాని పేరు, రెండవవాని పేరు ప్రకటింపగా, ఆ రెండవ పేరును గూర్చియే జనులు వాదులాడుకొందురట. మన కళాశాలకు నూరుమంది జట్టు అక్కరలేదు, అంత ధనమును లేదు. రెండవ పేరునకు వారిచ్చు గౌరవము మాత్రము ఖర్చు లేనిది.

ప్రతిభను విడిచి ఇతర కారణములచే స్థానములు పంచినచో నేమగునో తెలుసుకొనుటకు మా పొరుగు చరిత్రయే చాలును. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్టు జట్టునకు విజయనగరం మహారాజకుమారుడు నాయకుడయ్యెను. క్రికెట్టునకు ఆయన చేసిన పోషణ గొప్పది. ఆటగాడుగా ఆ స్థానమునకు తగినవాడు కాడని చరిత్రకారులందురు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33. మంచి ఆట కనబరచుచున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేర మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపిరి. జట్టులో ముఠాలు బయలుదేరెను. సిరీసు 2–0తో పోయెను. ఒక్క స్థానమున జరిగిన అన్యాయము తక్కిన పది స్థానములను కూడ వదులు చేయును.

ఇక గృహస్థులతో ఒక మాట. మా ప్రాంతపు పిల్లలు ఒకవంక విశాఖపట్టణమునకు, మరియొకవంక విజయనగరమునకు బండ్లమీద పోయి చదువుకొనుచుందురు. సాయంకాలము ఆట అభ్యాసమునకు నిలిచినచో బండి తప్పును, ఇల్లు చేరునప్పటికి చీకటిపడును. మొదటి పదునొకండుగురిలో నున్నవానికి ఇంటిలో కొంత మన్నన లభించును. రిజర్వు ఆటగానిని మాత్రము, “ఆడించని ఆటకు అంత దూరము దేనికిరా?” అని మందలింతురు. కష్టము ఇద్దరిదియు సమానమే. ఎండ సమానమే. తప్పిన బండి కూడ ఒకటే. పొగడ్త మాత్రము ఒకనిది. ఈ మందలింపునకు లొంగి పన్నెండవవాడు ఇంటిపట్టున నుండిపోయిననాడు, ఆ జట్టు మూడవనాటి ఆటలో దిక్కులు చూడవలసివచ్చును.

కావున పిల్లవాడు ఇల్లు చేరగనే, “నేడు నిన్ను ఆడనిచ్చిరా?” అని అడుగుటకు బదులు, “నేడు ఏ స్థానమున అభ్యాసము చేసితివి? ఏమి నేర్చితివి?” అని అడుగుడు. వాడు చెప్పు సమాధానమును ఓపికతో వినుడు. ఆట తెలియనివారికి కూడ ఆ రెండు ప్రశ్నలు అడుగుట కష్టము కాదు. శిక్షకులు రెండవ పేరును శ్రద్ధతో వ్రాసి, గృహస్థులు ఆ పేరు గలవానికి వేడిగా అన్నము వడ్డించినచో, ఈ ఏటి పోటీలలో మన జట్లు మొదటినాటి బలముతోనే చివరినాడును ఆడగలవు.