గీతలు – చుక్కలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణము వినవలసిన పండుగనాడు కంప్యూటరు తెరను గురించి చెప్పబూనుచున్నాము. మేము విద్వాంసులము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో లెక్కలు వ్రాసుకొనువారము. అయినను ఈ విషయము మన వాకిటి ముగ్గుకును, మన అక్షరమునకును దగ్గర చుట్టము.

ముగ్గులో ముందు చుక్కలు పెట్టి, పిమ్మట గీతలు కలుపుదురు. కంప్యూటరు తెరపై పని తలక్రిందులు. గీత ముందే నిర్ణయమై యుండును. దానికి తగిన చుక్కలను ఏరుకొనవలెను. తొలినాటి తెరలు కొన్నింటిలో ఎలక్ట్రాను కిరణము కలమువలె కొననుండి కొనకు నేరుగా ప్రాకి గీత గీచెడిది. గీతలు ఎక్కువైనకొలది బొమ్మ మిణుకుమిణుకుమనెడిది. టెలివిజను వంటి తెరలో అట్లుకాదు. కిరణము వరుసవెంట వరుసగా నడచెడిది. వెలిగిన చుక్క, వెలగని చుక్క తప్ప గీత యనునది లేదు. అడ్డము 512, నిలువు 512 చుక్కలైన మొత్తము 2,62,144. ప్రతి చుక్కకును యంత్రమున జ్ఞాపకస్థానము కావలెను. అది చవకయైన 1970 ప్రాంతముల తరువాతనే ఇట్టి తెరలు వ్యాపించినవి.

చుక్కలను ఏరు ఉపాయము అంతకు ముందే పుట్టినది. 1962లో ఐ.బి.ఎం. ఉద్యోగి జాక్ బ్రెసెన్‌హామ్, కాగితముపై అడుగడుగుగా గీయు ప్లాటరు యంత్రముకొరకు దానిని కనిపెట్టెను, 1965లో అచ్చువేసెను. గుణకార భాగహారములు ఆనాటి యంత్రములకు జాగైన పనులు. ఈయన పద్ధతికి కూడిక, తీసివేత చాలును.

మా గుమాస్తాల భాషలో చెప్పెదము. గీత కుడికి 7 గళ్లు, పైకి 3 గళ్లు పోవలెననుకొనుడు. కుడికి జరిగినప్పుడెల్ల ఖాతాలో 3 జమ. జమ 7లో సగము దాటగానే ఒక గడి పైకెక్కి, 7 ఖర్చు వ్రాయవలెను, చాలనిది అప్పు. ఎత్తులు వరుసగా 0, 1, 1, 2, 2, 3, 3 వచ్చును. తుదకు ఖాతా సున్నకు తేలును! అంకెలన్నియు రెట్టింపు చేసికొన్న సగమను చిక్కును ఉండదు.

అయినను వాలుగీత మెట్లమెట్లుగా కనబడును. అంచు చుక్కలను సగము వెలుగుతో నింపి ఆ మెట్లను మరుగుపరచుటను గూర్చి 1977లో ఫ్రాంక్లిన్ క్రో వ్రాసెను.

ఇక మన మాట. ఫోనులోని తెలుగక్షరమును యంత్రమున గీతలుగా, వంపులుగానే దాగియుండును, చూచునప్పుడు చుక్కలగును. మన లిపి అంతయు వంపులే. ‘ధ’కును ‘థ’కును భేదము నడిమి చుక్క. చుక్కలు చాలని తెరపై అది మాసిపోయినచో ‘రథము’ ‘రధము’ అగును! నేటి తెరలలో చుక్కలు మిక్కిలి సన్నము గనుక ఆ బాధ చాలవరకు తగ్గినది.

కాని బడిలో వేరు లిపి నేర్చు మన పిల్లలకు తెలుగు ఎక్కువగా కనబడునది ఆ చిన్న తెరమీదనే. యంత్రము దగ్గరి చుక్కను ఏరగలదుగాని, ఆ చుక్క ఎందుకున్నదో చెప్పజాలదు. అది ఇంటివారు చెప్పవలెను. దినమునకు ఒక్క అక్షరమైనను పలకమీద పెద్దదిగా దిద్దించుడని వేడుకొనుచున్నాము.