తీగా, చెట్టా?

రాజమహేంద్రవరం దాటి రావులపాలెం వైపు వస్తుంటే కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. అక్కడ ఆగినవారు తరచూ పడే సందిగ్ధం ఇదే: పూలతీగ కొనాలా, పూలచెట్టు కొనాలా?

ముందు జాగా చూసుకోండి. ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగులే ఉంటే తీగే మేలు. నన్నడిగితే రాధామనోహరం అంటాను. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబి రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ వేలాడుతుంటాయి. రాత్రిపూట పరిమళం మరీ ఎక్కువ. అయితే గట్టి పందిరి వేయాలి, పూత తగ్గాక కత్తిరించాలి. వదిలేస్తే డాబా ఎక్కి కరెంటు తీగల్ని అందుకుంటుంది.

పెరడుంటే మాత్రం చెట్టే పెట్టండి. చిన్న పెరట్లోనూ పారిజాతం ఒదుగుతుంది. పొగడ నిదానంగా ఎదిగినా నీడ దట్టం, పూలు ఎండినా వాసన పోదు. ఎర్ర తురాయి ఎంత అందమైనా ఇంటి పక్కన వద్దు. వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాసులకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కొనేముందు కవరు అడుగు తిప్పి చూడండి. వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఇంకో మొక్క అడగండి.