క్లబ్బుతో కామ్రేడ్స్ పరుగుకు

దక్షిణాఫ్రికాలోని డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య జరిగే కామ్రేడ్స్ మారథాన్ పేరుకే మారథాన్. దూరం దాదాపు 90 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన సైనికుల స్మృతిగా విక్ క్లాఫమ్ 1921 మే 24న దీన్ని ప్రారంభించాడు. ఆనాడు బయలుదేరింది 34 మంది, గమ్యం చేరింది 16 మంది. ఇప్పుడు మన దేశపు రన్నింగ్ క్లబ్బుల వాళ్లూ జట్టుగా వెళ్తున్నారు.

సాధారణంగా ఒక ఏడాది డర్బన్ తీరం నుంచి ఎగువకు, మరుసటి ఏడాది పైనుంచి తీరానికి పరుగు. దిగడం తేలికనుకుంటారు గానీ, తొడ కండరాల పని పట్టేది అదే. పేరు నమోదుకు ముందుగా ఒక మారథాన్‌ను నిర్ణీత సమయంలో పూర్తి చేసి ఉండాలి. వీసా, బస, తెల్లవారుజామున బస్సు వంటివి క్లబ్బు చూసుకుంటే రన్నర్‌కు సగం భారం తగ్గుతుంది.

ఇప్పుడు పరుగు జరిగే జూన్ అంటే అక్కడ చలికాలం. ప్రారంభ రేఖ దగ్గర పాత స్వెటర్‌తో నిలబడి, ఒళ్లు వేడెక్కాక దాన్ని వదిలేసేవాళ్లు ఎందరో. దారిలో నీళ్లు చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇస్తారు. మూల కొరికి తాగాలి. గడువు 12 గంటలు. అది ముగిసినట్టు తుపాకీ పేల్చే వ్యక్తి వచ్చేవారికి వీపు పెట్టి నిలబడతాడు. ఒక్క అడుగు వెనకబడినా పతకం లేదు.

1893లో గాంధీని రైలు నుంచి దించేసిన స్టేషన్ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోనే ఉంది. అది చూడాలనుకునేవారు పరుగు మర్నాడే తిరుగు విమానం పెట్టుకోవద్దు.