రాతిలో హతసాక్షులు



ఫ్రాన్సు దేశంలో మ్వాసాక్ అనే ఊళ్ళో ఒక పాత క్రైస్తవ మఠం ఉంది. దాని ముంగిలి చుట్టూ ఉన్న వసారాను 1100లో నిర్మించినట్లు అక్కడి శాసనమే చెబుతోంది. ఆ వసారాలో స్తంభాల పైన కమానులను మోసే శిల్పశీర్షాలు 76 ఉన్నాయి. కొన్నింటిపై, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల కథలు చెక్కారు.

ఎవరు ఎవరో తెలిసేదెలా? చాలాచోట్ల పేర్లు లాటిను లిపిలో చెక్కి ఉన్నాయి. అవి చదవలేకపోయినా, పెట్టిన హింసే ఆనవాలు. రాళ్ళ దెబ్బలు తింటున్నవాడు స్తెఫను. ఇనుప చట్రం మీద కాలుతున్నవాడు లారెన్సు. ఎద్దు ఈడ్చుకుపోతున్నవాడు తూలూజ్ బిషప్పు సతుర్నినస్.

అయితే ఒక్క పక్కే చూసి ఆగిపోతే మనకు క్రూరత్వమే కనిపిస్తుంది. ఒక్క కాగితం చదివి ఫైలు మీద నోటు రాసేవాళ్ళమా? శీర్షానికి నాలుగు పక్కలు. చుట్టూ తిరిగి చూడాలి.

స్పెయిన్‌లోని తర్రగోనాలో 259లో బిషప్పు ఫ్రుక్తువోసస్‌ను, ఆయన ఇద్దరు డీకన్లను సజీవ దహనం చేశారు. వారి శీర్షంపై మంటలూ ఉన్నాయి, వారి ఆత్మలను పైకి తీసుకుపోతున్న దేవదూతలూ ఉన్నారు.

శిల్పి బాధను దాచలేదు. కాని కథను తలారితో ముగించలేదు. ఒకప్పుడు నిత్యం ఆ వసారాలో నడిచిన సన్యాసులకు అదే పాఠం. ఎవరి మతం ఏదైనా, కష్టాన్ని నాలుగు పక్కలా చూడమనే ఆ మాట మన వయసువారికి పనికొస్తుంది.