పల్లె గాలి, పిల్లల ఊపిరి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పశువుల మధ్య పెరిగిన పిల్లలకు ఉబ్బసం రాదు" అని మన ఇళ్ళల్లో నానమ్మలు, అమ్మమ్మలు అంటుంటారు. ఇందులో నిజమెంతో నాలుగు మాటల్లో చెప్పదలచుకున్నాము.

అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు సేద్యగాళ్ళ సమాజాలున్నాయి. రెండూ యూరపు నుంచి వలస వెళ్ళినవే. వంశం దగ్గరిది, తిండి అలవాట్లూ దాదాపు ఒకటే. తేడా సేద్యంలో ఉంది. ఆమిష్ వారు ఇంటి పక్కనే పశువుల కొట్టం పెట్టుకొని గుర్రాలతో దున్నుతారు. పసిపిల్లలు కూడా ఆ కొట్టంలోనే తిరుగుతారు. హట్టరైట్లది యంత్రాల సాయంతో చేసే పెద్ద ఉమ్మడి సేద్యం. ఆమిష్ బడిపిల్లల్లో నూటికి 5 మందికి ఉబ్బసం ఉంటే, హట్టరైట్ పిల్లల్లో 21 మందికి ఉన్నది!

2016లో వెలువడిన పరిశోధనలో రెండు చోట్ల ఇళ్ళల్లోని దుమ్మును పరీక్షించారు. బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థం ఆమిష్ ఇళ్ళల్లో దాదాపు 7 రెట్లు ఎక్కువ. ఆ దుమ్మును ఎలుకల ముక్కుల్లో వేస్తే వాటికి ఉబ్బసం రాకుండా కాపాడింది. హట్టరైట్ ఇళ్ళ దుమ్ము కాపాడలేదు. అంటే ఏమిటి? పసితనంలో రకరకాల సూక్ష్మక్రిములు తగిలితే, దేనితో పోరాడాలో దేన్ని వదిలేయాలో ఒంట్లోని రక్షణశక్తి నేర్చుకుంటుందన్నమాట. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్ పల్లెల్లో జరిపిన పరిశీలన 2001లో వెలువడింది. మొదటి ఏడాదిలోనే కొట్టానికి అలవాటైన పిల్లలకే మేలు ఎక్కువని అందులోనూ తేలింది.

అయితే పల్లెలో ఉన్నదంతా మంచిదేనా? కాదు. కట్టెలపొయ్యి పొగ, పిడకల పొగ, బీడీ పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకు శత్రువులు. పొగ పట్టిన ఇంట్లో న్యుమోనియా భయం ఎక్కువ. పురుగుమందు చల్లే చేలోకి బిడ్డను తీసుకుపోరాదు. కొందరు పచ్చిపాలు మంచివంటారు. వాటివల్ల క్షయ, బ్రూసెల్లా జ్వరం రావచ్చు. కాచి తాగించడమే మన పద్ధతి, అదే మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటున్నది. కొట్టం గాలి ఉబ్బసం రాకుండా కొంత అడ్డుపడవచ్చు గానీ, వచ్చిన ఉబ్బసానికి అది మందు కాదు. పిల్లికూతలతో ఆయాసపడే బిడ్డను "గాలి మార్పు" అని ఊరికి పంపి మందు ఆపేస్తే, గడ్డి దుమ్ము తగిలి ప్రాణం మీదికి రావచ్చు. "పీల్చే మందు అలవాటైపోతుంది" అని భయపడే తల్లిదండ్రులు మనలో చాలామంది. అది ఉత్త భ్రమ. పీల్చిన మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కనుక కొద్దిపాటి మోతాదే చాలు. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి.

పిల్లలను మట్టిలో ఆడుకోనిద్దాము, లేగదూడను ముట్టుకోనిద్దాము. వంటింటి పొగను మాత్రం బయటికి పంపుదాము. మీ వీధిలో ఆయాసపడే బిడ్డ ఉంటే, ఆ తల్లికి ఈ నాలుగు మాటలూ చెప్పండి. ఇదే మా మనవి.