ముప్పై ఆరో వంతు

సెప్టెంబరు చివర ఫైనల్ ముగియగానే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అభిమానుల వాదనలు జోరందుకుంటాయి. ఏ ఆటగాడిని వదులుకోవాలి, బదులుగా డ్రాఫ్ట్‌లో ఎన్నో వంతు అడగాలి? 1986లో మొదలైన, క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో అట్టడుగు జట్టుకే మొదటి వంతు.

2001 బేరాన్ని ఇప్పటికీ తవ్వుతూనే ఉంటారు. హాథార్న్ క్లబ్బు ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్‌లను ఫ్రీమాంటిల్‌కు ఇచ్చి 1, 20, 36 వంతులు తీసుకుంది. మొదటిదానితో ల్యూక్ హాడ్జ్ వచ్చాడు. 36తో శామ్ మిచెల్, అంతకు ముందు ఏడాది ఏ క్లబ్బూ ఎంచుకోని కుర్రాడు! 2008లో మిచెల్, 2013 నుంచి వరుసగా మూడేళ్లు హాడ్జ్ కెప్టెన్లుగా కప్పు గెలిచారు. నన్నడిగితే అసలు పనితనమంతా ఆ 36లోనే ఉంది. అలాగని ఫ్రీమాంటిల్ పూర్తిగా నష్టపోలేదు, మెక్‌ఫార్లిన్ అక్కడ పదేళ్లకు పైగా ఆడాడు. క్రోడ్ మాత్రం రెండేళ్లకే హాథార్న్‌కు తిరిగొచ్చి, 2008 ఫైనల్లో ఆడాడు.